గంట కొట్టేలోపు

20 జనవరి 1989, తెనాలి

బాపట్ల నుంచి రెండు కవర్లు వచ్చాయి. ఒకటి సార్‌కి, ఒకటి నాకు. వచ్చే నెల పద్దెనిమిదిన అక్కడ తాగునీటి మీద కాన్ఫరెన్స్. సార్‌కి టాక్, పది నిమిషాలు. నాకు పోస్టర్. అంటే ఆయన హాల్లో, నేను వరండాలో, గోడకి తగిలించిన చార్టు పక్కన కాపలా.

కాసేపు ముఖం మాడ్చుకున్నాను. తర్వాత నెమ్మదిగా ఆలోచిస్తే, నాకు టాక్ రానందుకు బాధ కన్నా సార్‌కి వచ్చినందుకు భయం ఎక్కువగా ఉంది.

సార్ అంటే వేంకటసుబ్రహ్మణ్యం గారు, మా కెమిస్ట్రీ హెడ్. ఈ ఏడాదే రిటైరవుతున్నారు. డెబ్బై ఏడు ఉప్పెనలో రేపల్లె అవతలి ఊళ్ళలో బావుల్లోకి సముద్రం నీళ్ళు వచ్చిపడ్డాయి. అప్పట్నుంచి ఏటా ఆ బావుల నీళ్ళు సీసాల్లో పట్టుకొచ్చి ఉప్పు ఎంతుందో చూస్తున్నారు. నేను ఆయన దగ్గరే చదివి, ఆయన కిందే జూనియర్ లెక్చరర్‌గా చేరి, ఆ సీసాలు మోస్తున్నాను. ఇన్నేళ్ళకి తేలింది ఒక్క ముక్క. జనం కంగారుపడి ఇంజన్లు పెట్టి మళ్ళీ మళ్ళీ తోడించిన బావులు ఏళ్ళ తరబడి ఉప్పగానే ఉండిపోయాయి. ఒక్కసారి శుభ్రం చేసి వదిలేసినవి కొన్ని వానాకాలాలకే తాగే నీళ్ళయ్యాయి. ఊరికే తోడితే అడుగునున్న ఉప్పునీరు ఇంకా పైకి వస్తుంది. అంతే.

ఈ ముక్క సార్ ఇంతవరకు ఏ కాన్ఫరెన్స్‌లోనూ చెప్పలేదు. చెప్పేలోపు గంట కొడతారు. పోయినేడు నేను మూడో వరసలో కూర్చుని చూశాను. వేదిక మీదున్న ఒక్కొక్కరికీ పేరుపేరునా నమస్కారాలు, వాళ్ళ గురువులకి, తన గురువులకి నమస్కారాలు, నీటి మీద ఒక శ్లోకం, దానికి అర్థం. ఉప్పెన రోజు సాయంత్రం గాలి మొదలయిందనగానే గంట కొట్టారు. సార్ గంటకి కూడా ఒక నమస్కారం పెట్టి దిగిపోయారు. నా వెనక కుర్రాళ్ళు నవ్వారు. తిరుగు రైల్లో ఆయన అక్కడి కాఫీ బాగుందన్న విషయం తప్ప ఇంకేం మాట్లాడలేదు.

ఇది ఆయన ఆఖరి పేపరు. ఈసారైనా గంట కొట్టేలోపు అసలు విషయం చెప్పాలి.

22 జనవరి

సార్ ఇంట్లో రిహార్సల్. వాళ్ళావిడ కామేశ్వరమ్మ గారికి నా వాచీ ఇచ్చి, పది నిమిషాలు కాగానే గంట కొట్టమన్నాను. ఆ ఇంట్లో ఉన్న గంట పూజ గంట ఒక్కటే. అది నా చేతికివ్వలేదు, తనే పట్టుకుని కూర్చున్నారు. నేనూ అడగలేదు.

సార్ లేచి నిలబడి చైర్మన్ గారి దగ్గర మొదలుపెట్టారు. నమస్కారాలయ్యి శ్లోకం ఎత్తుకునేసరికే నా లెక్క ప్రకారం టైం అయిపోయింది. గంట మోగలేదు. చూస్తే ఆవిడ వాచీ కేసి చూస్తూ గంట ఒళ్ళో పెట్టుకుని ఉన్నారు. కొట్టండి అంటే, పాపం ఇప్పుడే కదా శ్లోకం ఎత్తుకున్నారు, అది కానీ అన్నారు.

నమస్కారాలు తీసేయండి సార్ అన్నాను. ఆయన నొచ్చుకున్నారు. పెద్దవాళ్ళ ఎదుట నిలబడి పలకరింపు లేకుండా ఉప్పు గురించి మొదలుపెట్టమంటావా, ఎవరింటికైనా వెళితే గుమ్మంలో పలకరించకుండా తిన్నగా వంటింట్లోకి పోతామా అన్నారు. పది నిమిషాల కోసం వెళ్ళినవాళ్ళు గుమ్మంలోనే తొమ్మిది నిమిషాలు నిలబడతారా అన్నాను. నా నోరు అంతే, ముందు అది మాట్లాడేస్తుంది, తర్వాత నేను చూసుకుంటాను.

కామేశ్వరమ్మ గారు కాఫీ తెచ్చారు.

23 జనవరి

ఇవాళ ల్యాబ్‌లో ఆయన ఆ చివర, నేను ఈ చివర.

26 జనవరి

జెండా వందనం అయ్యాక మారీసుపేట వెళ్ళి లూకాకి పోస్టర్ మేటరిచ్చాను. మా చర్చిలో వాక్యాలు, బజార్లో షాపుల బోర్డులు రాసేది అతనే. నేను రాసుకెళ్ళింది ఎనిమిది ఠావులు. ఇంట్రడక్షన్, మెథడ్స్, అన్ని బావుల టేబుల్స్, ఏ ఏడాదికి ఆ ఏడాది. చార్టు నాలుగడుగులు.

లూకా కాగితాలు తిరగేసి, అక్కా ఇది బోర్డా బైబిలా అన్నాడు. రాయడం చాతకాకపోతే చెప్పు, ఇంకొకరి దగ్గరికి పోతాను అన్నాను. సన్న బ్రష్షుతో రాస్తాలే అన్నాడు.

29 జనవరి, రేపల్లె

ఆదివారం. అమ్మ దగ్గరికి వచ్చాను. ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర సార్ నమస్కారాల కథ చెప్పి నవ్వాను. ఆయన గొంతు పెట్టి మరీ చెప్పాను. అమ్మ నవ్వలేదు.

మా పిన్ని వాళ్ళది సముద్రం వైపు ఊరు. మొన్నామధ్య తుఫానుకి ఆ ఊళ్ళో నూతుల్లోకి మళ్ళీ ఉప్పునీళ్ళొచ్చాయి. మళ్ళీ ఇంజన్లు తెచ్చి వారం రోజులు తోడించారట. నాకు ఒళ్ళు మండింది. సార్ అంతకు ముందే ఆ ఊరు వచ్చి చెప్పారు కదా, ఎవరూ వినలేదా అన్నాను. నేను ఆ రోజు పరీక్షల డ్యూటీలో ఉండి రాలేకపోయాను.

అమ్మ చెప్పింది. సారు వచ్చిన మాట నిజమేనట. చర్చి ముందు మైకు పెట్టించారట. చాలా మంచోడే, చాలా మర్యాదగా మాట్లాడాడంది. ఊరి పెద్దల్ని, పాస్టరు గారిని, పాస్టరు గారి నాన్నగారిని కూడా తలుచుకున్నాడట. సముద్రం ఎలా పుట్టిందో చెప్పాడట. ఈలోపు గేదెల పాలు పితికే వేళయింది. ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు లేచారు. మగవాళ్ళు చుట్టలకి లేచారు. అసలు మాట చెప్పేటప్పటికి మైకు పెట్టిన మనిషి, పాస్టరు గారు మాత్రం మిగిలారట. మీ పిన్ని కూడా లేచొచ్చేసిందే, నూతి సంగతి చెప్తాడని ఎవరికి తెలుసు అంది అమ్మ.

పిన్ని ఇప్పటికీ పక్కూరి నుంచి బిందెతో నీళ్ళు మోసుకుంటోంది. కూర బాగుంది, కానీ తినబుద్ధి కాలేదు.

1 ఫిబ్రవరి

చెప్పేశాను. ల్యాబ్‌లో పిల్లలు వెళ్ళిపోయాక. పిన్ని బిందె సంగతి, పాల వేళ సంగతి, మైకు మనిషి సంగతి. మీ మర్యాద వల్ల ఆ ఊరికి నీళ్ళు లేవు సార్ అన్నాను.

ఆయన పిపెట్ కడుగుతున్నారు. కడిగిందే మళ్ళీ కడిగారు. దాన్ని స్టాండులో పెట్టి, కండువా సర్దుకుని, వస్తానమ్మా అని వెళ్ళిపోయారు.

2 ఫిబ్రవరి

సార్ కాలేజీకి రాలేదు.

3 ఫిబ్రవరి

ఇవాళా రాలేదు. సాయంత్రం నేనే వెళ్ళాను. ఆయన లోపల గదిలో ఉన్నారు, బయటికి రాలేదు. కామేశ్వరమ్మ గారు నన్ను అరుగు మీదే కూర్చోబెట్టి, అంత మాట అనకుండా ఉండాల్సింది విజయా అన్నారు. రెండు రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదట. నాకు ఏడుపొచ్చింది. తప్పే అన్నాను. ఆవిడ, ఎవరో ఒకరు అనాల్సిందేలే, నేను అనలేకపోయాను అన్నారు. ముప్పై ఏళ్ళుగా ఆయన ఉపన్యాసాలకి ముందు వరసలో కూర్చుంటున్నారట. నమస్కారాలన్నీ ఆవిడకి నోటికి వచ్చు. బావుల సంగతి మాత్రం నిన్న రాత్రే మొదటిసారి పూర్తిగా విన్నారట, అదీ అన్నం దగ్గర.

6 ఫిబ్రవరి

సార్ వచ్చారు. షేవ్ చేసుకుని, ఇస్త్రీ చొక్కాతో, ఏమీ జరగనట్టే. తిన్నగా నా టేబుల్ దగ్గరికి వచ్చి, ఒక మార్గం దొరికిందమ్మా అన్నారు.

కాన్ఫరెన్స్‌కి ముందు రోజే బాపట్ల వెళతారట. పెద్దలందరూ గెస్ట్ హౌస్‌లో దిగుతారు కదా, ఒక్కొక్కరి గదికీ వెళ్ళి నమస్కారం చేసి వస్తారట. పలకరింపులన్నీ ముందు రోజే అయిపోతే మర్నాడు స్టేజి మీద మళ్ళీ చెయ్యక్కర్లేదు, చేస్తే అది రెండోసారి అవుతుంది అన్నారు. నేను నవ్వాపుకుని, బ్రహ్మాండంగా ఉంది సార్ అన్నాను. నిజంగానే ఉంది. ఆయన గుమ్మం ఆయనకి దక్కింది, వంటింటికి దారీ దొరికింది.

మరి శ్లోకమో అన్నాను. శ్లోకం రైల్లో చదువుకుంటాలే అన్నారు.

9 ఫిబ్రవరి

టాక్‌కి ప్రొజెక్టర్ మీద పెట్టే ఓహెచ్‌పీ షీట్లు. సార్ చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. ఆ ముత్యాలు ఒక్కో షీటులో పైనుంచి కింద దాకా ఖాళీ లేకుండా పోశారు. మెషిన్ మీద పెట్టి గోడ మీద చూపిస్తే చీమల బారు. షీటుకి ఒక్క మాటో, ఒక్క చిన్న టేబులో ఉంటే చాలు సార్ అన్నాను. ఆయన ఒప్పుకున్నారు. స్పిరిట్ పెట్టి తుడుస్తుంటే మాత్రం పక్కకి తిరిగి కూర్చున్నారు.

అదే ఊపులో లూకా దగ్గరికి వెళ్ళాను. పోస్టర్ రెడీ. అతను అన్నట్టే సన్న బ్రష్షుతో ఎనిమిది ఠావులూ ఎక్కించాడు. చుట్టూ తామరపూల బోర్డర్, మూలన లూకా ఆర్ట్స్ అని ఎర్రరంగులో. దూరం నుంచి చూస్తే చదవగలిగింది ఆ లూకా ఆర్ట్స్ ఒక్కటే. దగ్గరికి వెళ్ళి వంగి చదవబోయాను. రెండో పేరా దగ్గర నడుం నొప్పి పుట్టింది. రాసిన నాకే.

సార్‌ని అన్న మాటలన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఆయనవి నమస్కారాలు, నావి టేబుల్సు.

లూకాకి కొత్త చార్టు ఇచ్చి, పైన పెద్ద అక్షరాలతో ఇంగ్లీషులో ఒక వాక్యం, కింద అదే తెలుగులో, మధ్యలో రెండు బావుల బొమ్మలు, ఒక చిన్న గ్రాఫు, అంతే అన్నాను. తెలుగు వాక్యం ఇది: ఉప్పెన తర్వాత బావిని మళ్ళీ మళ్ళీ తోడకండి. అతను నా కేసి చూసి, ఇది ముందే చెప్పొచ్చుగా అక్కా అన్నాడు. తామరపూలు మాత్రం ఉండనిమ్మని బతిమాలాడు. సరే, ఒక్క కింది వైపు.

12 ఫిబ్రవరి

మళ్ళీ రిహార్సల్. కామేశ్వరమ్మ గారు కూర్చుంటూనే గంట నా చేతిలో పెట్టేశారు. నా వల్ల కాదమ్మా, నువ్వయితే కొడతావు అన్నారు. ఇత్తడి గంట, చల్లగా ఉంది. జాగ్రత్తగా పట్టుకున్నాను.

కొట్టాల్సి వచ్చింది. నమస్కారాలు లేవు, శ్లోకం లేదు. కానీ ఉప్పెన రోజు దగ్గరికి రాగానే సార్ కళ్ళజోడు తీసేశారు. కళ్ళజోడు తీశారంటే ఇక ఆయన ఆ రోజులోకి వెళ్ళిపోయారన్నమాట. మర్నాడు రిలీఫ్ లారీలో వెళ్ళినప్పుడు చూసినవన్నీ వచ్చాయి. తడిసిన గడ్డి, తుమ్మచెట్లకి వేలాడుతున్న చీరలు, దాహమని అడిగిన ముసలావిడ, ఆయన బావిలోంచి తోడి ఇచ్చిన నీళ్ళు ఆవిడ ఉమ్మేయడం. బావుల పని అసలు అందుకే మొదలుపెట్టారట. ఈ సంగతి నాకూ ఇంతవరకు తెలీదు.

గంట కొట్టడానికి చెయ్యి రాలేదు. కొట్టాను. ఆయన ఆగి, కొట్టాల్సిందేనమ్మా అన్నారు.

17 ఫిబ్రవరి, బాపట్ల. సాయంత్రం

మధ్యాహ్నం రైలుకి వచ్చాం. పోస్టర్ చుట్టని ఎవరూ తొక్కకుండా దారంతా నిలబెట్టి పట్టుకున్నాను, చేతులు పట్టేశాయి.

సార్ స్నానం చేసి, కండువా వేసుకుని గెస్ట్ హౌస్‌కి బయల్దేరారు. నేనూ వెనకే. వరస తప్పకుండా ప్రతి తలుపూ తట్టారు. ఒకాయన స్నానంలో ఉంటే బయట నిలబడి ఆయన తుడుచుకుని వచ్చేదాకా ఆగారు. ఇంకొకాయన ఏదో రికమండేషన్‌కి వచ్చారనుకుని, ముందే నా చేతిలో ఏమీ లేదండి అన్నారు. సార్ నవ్వి, ఊరికే నమస్కారం చేసుకుందామని వచ్చానండి అన్నారు. ఆయన ఇంకా అనుమానంగానే చూశారు.

రేపు మా సెషన్ చైర్మన్ బసవేశ్వరరావు గారు మాత్రం కుర్చీ వేసి కూర్చోబెట్టి కాఫీ తెప్పించారు. సార్ అక్కడ శ్లోకం కూడా చెప్పేశారు, అర్థంతో సహా. బసవేశ్వరరావు గారు శ్రద్ధగా విని, రేపు మాత్రం నేను గంట విషయంలో ఎవరికీ మొహమాటపడనండి అన్నారు. సార్ తప్పకుండా అన్నారు.

18 ఫిబ్రవరి. ఉదయం

వరండాలో పోస్టర్ తగిలించాను. పక్కవాళ్ళవన్నీ అక్షరాలతో కిక్కిరిసి ఉన్నాయి. నాది బోసిగా ఉందేమోనని కాసేపు మనసు పీకింది. కాఫీలిచ్చే ఆయన ట్రే పట్టుకుని వెళుతూ ఆగి తెలుగు వాక్యం చదివాడు. మావాళ్ళు రెండేళ్ళ నుంచి తోడిస్తానే ఉన్నారమ్మా, నిజంగానే తోడకూడదా అన్నాడు. కూడదు బాబాయ్ అని ఎందుకో చెప్పాను. ట్రేలో కాఫీలు చల్లారిపోయేదాకా విన్నాడు.

మధ్యాహ్నం

అయిపోయింది.

సార్ కన్నా ముందు మాట్లాడిన ఇద్దరూ గంట కొట్టినా దిగలేదు. బసవేశ్వరరావు గారికి చిరాకొచ్చింది, గంట చేతిలోనే పట్టుకుని కూర్చున్నారు. సార్ పేరు పిలిచారు. ఆయన వెళ్ళి నిలబడి, హాలు మొత్తానికి కలిపి ఒక్క నమస్కారం, అదీ నోరు విప్పకుండా పెట్టి, ఇంగ్లీషులో మొదటి మాటగా అసలు విషయమే అన్నారు. ఉప్పెన తర్వాత బావుల్ని మళ్ళీ మళ్ళీ తోడించకూడదు, ఎందుకో చెబుతాను అన్నారు.

హాల్లో మాట్లాడుకుంటున్నవాళ్ళు తలలెత్తారు.

మొదటి షీటు తలకిందులుగా పెట్టారు. తిప్పుకున్నారు. రెండోది, మూడోది బాగా నడిచాయి. నాలుగోది ఉప్పెన షీటు. కళ్ళజోడు తీశారు. ఆయన ఆ షీటు కేసి చూస్తూ నిలబడిపోయారు. నేను లోపల ప్రార్థన చేసుకున్నాను, ప్రభువా ఆ ముసలావిడని ఇప్పుడు రానివ్వకు అని. అలా అనుకున్నందుకు సిగ్గేసింది కూడా. సార్ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, అయిదో షీటు వేశారు.

చివరి షీటు తీసి పక్కన పెట్టి థాంక్యూ అన్నారు. బసవేశ్వరరావు గారు గంట కొట్టబోయి వాచీ చూసుకుని, అయిపోయిందాండి అని అడిగారు. అయిపోయిందండి అన్నారు సార్. ఇంకా టైం ఉంది, ఎవరైనా ప్రశ్నలడగొచ్చు అన్నారు చైర్మన్ గారు.

కాకినాడ నుంచి వచ్చిన ఒకావిడ లేచింది. మీ టేబుల్లో చెరుకుపల్లి వైపు బావి ఒకటుంది, దాన్ని అన్నిటికన్నా ఎక్కువసార్లు తోడించారని మీరే రాశారు, అయినా అది మిగతా వాటికన్నా ముందు మంచినీళ్ళయింది, ఎందుకని అని అడిగింది.

ఆ బావి సంగతి మాకిద్దరికీ తెలుసు. శాంపిల్‌లో పొరపాటై ఉంటుందని అనుకుని వదిలేశాం. ఎక్స్‌పెరిమెంటల్ ఎర్రర్ అని ఒక్క ముక్క అంటే సరిపోతుంది. అనండి సార్, అనండి అని మనసులో ఒకటే గొడవ పెట్టాను.

సార్ ఆ షీటు వెతికి మళ్ళీ వేశారు. ఆ బావి దగ్గర వేలు పెట్టి చూశారు. తర్వాత, నాకు తెలియదండి అన్నారు.

ఇంత మంది ముందు ఆ మాట అన్న లెక్చరర్‌ని నేను చూడలేదు. వెనక ఎవరూ నవ్వలేదు. బసవేశ్వరరావు గారు ముందుకి వంగి, అక్కడి నేల ఏంటండి అన్నారు. ఇంకొకాయన కాలవ ఎంత దూరం అన్నాడు. సార్ తెలిసింది చెబుతూ, తెలియనిది తెలియదంటూ అలా నిలబడే ఉన్నారు. గంట మోగింది. ఆయనకి వినపడలేదు. చైర్మన్ గారే లేచి, మిగతాది బయట మాట్లాడుకోండి సుబ్రహ్మణ్యం గారూ అని భుజం తట్టి దింపారు.

సాయంత్రం, రైల్లో

నాకు ఇంకా మంటగానే ఉంది. ఎర్రర్ అనొచ్చు కదా సార్, ఇంత కష్టపడి చివర్లో తెలియదనడం ఏంటి అన్నాను. అలా అంటే ఆవిడ అడిగింది పోతుంది కదమ్మా అన్నారు.

నిడుబ్రోలు దాటాక, ఆయనే మళ్ళీ మాట్లాడారు. ఇన్నేళ్ళలో నన్నెవరూ ఒక్క ప్రశ్న అడగలేదు తెలుసా అన్నారు. అడగడానికి వాళ్ళకి నేనెప్పుడూ టైం ఉంచలేదు కదా అన్నారు.

ఆయన మొహం నిండా సంతోషం. చూడలేక కిటికీ వైపు తిరిగాను.

20 ఫిబ్రవరి, తెనాలి

సార్ కాలేజీకి రాలేదు. ఇంటికి వెళ్ళి అడిగాను. తెల్లారకుండానే ఖాళీ సీసాల సంచి భుజాన వేసుకుని రేపల్లె పాసింజర్ ఎక్కారట. రిటైరయ్యే ముందు ఇంకా ఏం పనండీ అని కామేశ్వరమ్మ గారు అడిగితే, నన్నొకావిడ ప్రశ్న అడిగిందే అన్నారట.